ఎడమది నాది, కుడిది తమ్ముడిది

మా ముత్తాత తండ్రి గద్వాల సంస్థానం ఖజానా తాళాలను మొలకు కట్టుకుని తిరిగినవాడు. మా ముత్తాతకు దర్బారులో కుర్చీ ఉండేది. కుర్చీయే కదా అని ఈ కాలంవాళ్ళు నవ్వవచ్చు. మిగతావాళ్ళంతా చేతులు కట్టుకుని నిలబడినచోట ఒకడు కూర్చోగలగడం చిన్న సంగతి కాదు. మా తాతకు కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో కొన్ని ఊళ్ళ మీద శిస్తు వసూలు చేసే అధికారం ఉండేది. ఆయన గుర్రం వీధి మలుపు తిరిగిందంటే అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడేవారట. మా నాన్న నాటికి సంస్థానం లేదు, ఊళ్ళు లేవు, గుర్రం లేదు. మా నాన్నకు ఒక స్టీరియో ఉండేది.

ఆ వరసలో స్టీరియోను చేర్చింది ఎగతాళికి కాదు. మా నాన్న దాన్ని ఒక పదవిలాగే నిర్వహించాడు. ఆంప్లిఫయరు, రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్, కొయ్య డబ్బాల్లో రెండు స్పీకర్లు హైదరాబాదు నుంచి తెచ్చుకున్నాడు. అవి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు అని షాపువాడు చెప్పాడట. అంటే పుస్తకాల అరలో పెట్టేవని తెలుసుకుని, ఇంటికి రాగానే అరలో ఉన్న తాతగారి చట్టం పుస్తకాలన్నీ తీయించి నేల మీద పేర్పించి, ఆ జాగాలో స్పీకర్లు పెట్టించాడు. ఆ పుస్తకాలు మళ్ళీ అర ఎక్కలేదు. సాయంత్రం స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, రెండు స్పీకర్లకు సరిగ్గా నడుమ కుర్చీ వేసుకుని, వెన్ను కుర్చీకి ఆననివ్వకుండా కూర్చుని కచేరీ రికార్డు పెట్టేవాడు. ఆ సమయంలో ఇంకెవరికీ ఆ గదిలో ప్రవేశం లేదు. నేనూ తమ్ముడూ వసారాలో కూర్చుని, తలుపు సందులోంచి ఎంత సంగీతం వస్తే అంత వినేవాళ్ళం.

నాన్న పోయాక పంపకాలకు కొల్లాపూర్ నుంచి మా మేనమామ వచ్చాడు. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అనే మాట తన మీద పడకూడదన్నది ఆయన పట్టుదల. పొలం దగ్గర చిక్కు రాలేదు, చిక్కు పడేంత పొలం మిగలలేదు కాబట్టి. ఇంటి సామాను దగ్గరే ఆయన న్యాయం బయటపడింది. వెండి కుందులు తలా ఒకటి. వాకిలి తలుపులు చెరొక రెక్క. ఒంటి రెక్క నేనేం చేసుకోవాలని తమ్ముడు అడిగితే, "ఆనించుకుంటవో అటకెక్కిస్తవో నీ ఇష్టం. అన్నాయమైతే జరగలే గద?" అన్నాడు.

ఆ తరువాత స్టీరియో దగ్గరికి వచ్చి, దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"దీన్ల సామాన్లు ఎన్ని?"

తమ్ముడు చూపించాడు. మామ మొహం విప్పారింది.

"బ్రహ్మాండం. ఈ మిషిని పెద్దోనికి, ఆ చక్రం చిన్నోనికి. డబ్బాలు జోడున్నయి. జోడంటే రెండు. మీరిద్దరు. లెక్క సరిపాయె."

"మామా, అవి రెండు ఒక్క తాననే ఉండాలె" అన్నాడు తమ్ముడు.

"ఎందుకు? ఒక్కటే అయితే మోగదా?"

"మోగుతది."

"మరి?"

ఆ "మరి?"కి జవాబు చెప్పవలసినవాడు నాన్నే. రెండింటి నడుమ కూర్చుని విన్నవాడు మా ఇంట్లో ఒక్కడే, ఆయన పోయాడు. ఎడమది నాకు వచ్చింది, కుడిది తమ్ముడికి వెళ్ళింది.

ఇద్దరిలో ఒకరు "నీది కూడా నాకియ్యి" అంటే సరిపోయేది కదా అని ఎవరైనా అనవచ్చు. అలా అనేవాళ్ళకు మా ఇంటి పద్ధతి చెప్పాలి. మా ఇంట్లో అడగడం అన్నది లేదు. "ఇయ్యి" అన్న మాట మంచినీళ్ళ కోసం కూడా వాడేవాళ్ళం కాదు. "దప్పికయితుంది" అనేవాళ్ళం, నీళ్ళు వచ్చేవి. ఎదుటివాడి వస్తువు కావాలనిపిస్తే దాన్ని మెచ్చుకోవాలి. మెచ్చుకున్న వెంటనే ఆ వస్తువు గలవాడు "తీస్కపోండి" అనాలి. మెచ్చుకున్నవాడు "వద్దు వద్దు, మీ ఇంటనే ఉండనీయండి" అనాలి. వస్తువు గలవాడు బలవంతం చేయాలి. అప్పుడు వస్తువు చేతులు మారుతుంది. ఎవరూ అడిగినట్టు కాదు, ఎవరూ తగ్గినట్టు కాదు.

మా ముత్తాత ఒకసారి వనపర్తిలో ఒకరి ఇంట తెల్లటి ఆడగుర్రాన్ని చూసి దాని నడక బాగుందన్నాడు. ఆయన గద్వాల చేరేలోపే అది మా కొట్టంలో గడ్డి మేస్తున్నది. అయితే ఈ మర్యాద రెండు వైపులా నడుస్తుంది. కొల్లాపూర్ చుట్టం ఒకాయన మా మామిడితోటలో భోంచేసి, నీడ చల్లగా ఉందన్నాడు. ఇప్పుడు ఆ తోట వాళ్ళది. మీ ఆస్తి ఎట్లా పోయిందని నన్ను అడిగేవాళ్ళు తాగుడో జూదమో చెబుతానని చూస్తారు. అవి మా ఇంట్లో లేవు. మాది చాలావరకు మెచ్చుకోళ్ళకే పోయింది.

పంపకాల రోజున మామ ముందు నేను తమ్ముడి డబ్బాను మెచ్చుకోలేదు, వాడు నాదాన్ని మెచ్చుకోలేదు. ఆ తరువాత ఆ సంగతి ఎత్తే సందర్భం రాలేదు.

నేను నీటిపారుదల శాఖలో చేరాను. వనపర్తిలో ఇల్లు కట్టుకున్నాను. ఆఫీసులో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. వంశంలో పోయిన కుర్చీ ఆ విధంగా కొంత తిరిగి వచ్చింది. తమ్ముడు గద్వాలలోనే ఉండి పత్తి విత్తనాల దుకాణం పెట్టుకున్నాడు. మా వంశంలో తక్కెడ పట్టుకున్నవాడు అంతకుముందు లేడు. ఆ మాట నేను వాడితో ఎప్పుడూ అనలేదు. పెళ్ళిళ్ళలో కలుసుకునేవాళ్ళం, బాగా మాట్లాడుకునేవాళ్ళం, స్పీకర్ల ఊసు తప్ప.

ఎడమ స్పీకరును నేను హాలులో గోడకు నడుమ పెట్టుకున్నాను. వచ్చినవాళ్ళు ఒక్కటే ఉందేమని అడిగితే, మంచిది ఒక్కటి చాలునని చెప్పేవాణ్ణి. నాన్న వినే కచేరీలే ఇప్పుడు ఫోనులో దొరుకుతున్నాయి. ఫోనుకు వైరు తగిలించి ఆంప్లిఫయరులో పెట్టి వినేవాణ్ణి. గాత్రం బాగా వినిపించేది, ఫిడేలు మహా గొప్పగా వినిపించేది. మృదంగం మాత్రం పక్కింట్లో ఎవరో తలుపు తట్టినట్టు ఉండేది. ఆ కాలంలో మృదంగం వాయించేవాళ్ళు అణకువ గలవాళ్ళు అనుకునేవాణ్ణి. ఈ మాట ఒకరిద్దరు సంగీతం తెలిసినవాళ్ళతో అన్నాను కూడా. వాళ్ళు తలలు ఊపారు.

ఈ భ్రమ నాగర్‌కర్నూల్‌లో పళ్ళ డాక్టరు దగ్గర పోయింది. దవడ పన్ను నొప్పి పెడితే వెళ్ళాను. డాక్టరు హైదరాబాదు అబ్బాయి, నెమ్మదస్తుడు. నన్ను ఆ వాలు కుర్చీలో పడుకోబెట్టి, నోరు తెరిపించి, లోపల ఏవో గొట్టాలు పెట్టాడు. ఎదురుగా గోడకు చిన్న నల్లటి స్పీకర్లు రెండు, ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. వాటిలోంచి మా నాన్న వినే కచేరీ మొదలైంది. గాత్రం నా ముక్కుకు ఎదురుగా, గాలిలోంచి వచ్చింది. ఎడమన నాకు తెలిసిన ఫిడేలు. కుడివైపు నుంచి మృదంగం పడింది చూడండి, నేను కుర్చీలోంచి లేవబోయాను. డాక్టరు నొప్పి పుట్టిందనుకుని మరో ఇంజక్షను ఇచ్చాడు. నోటినిండా సామాను ఉండడంవల్ల ఆ మృదంగం విద్వాంసుణ్ణి గురించి ఇన్నేళ్ళుగా నేను అనుకున్నది తప్పని చెప్పడానికి కూడా లేకపోయింది. మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనం అయ్యేదాకా నోరు తెరుచుకుని పడుకున్నాను. పన్ను ఎప్పుడు ఊడిందో తెలియదు.

తేరుకున్నాక ఆ స్పీకర్ల గురించి మాట కలిపాను. డాక్టరుకు అదే పిచ్చి. క్లినిక్కును హైదరాబాదుకు మారుస్తున్నానని, అక్కడికి పెద్దవి కొంటున్నానని, ఇవి కూడా బుక్‌షెల్ఫ్ స్పీకర్లేననీ చెప్పాడు. మా ఇంట్లో ఉన్నదాని గురించి చెప్పగానే కళ్ళు పెద్దవి చేసి, ఆ ఆదివారమే వనపర్తి వచ్చాడు. స్పీకరుకు ముందున్న గుడ్డ బిగించిన పలక తీసి, వెనక తిప్పి, కొయ్య మీద వేళ్ళతో కొట్టి చూశాడు.

"సార్, పాతవంటే నాకు ప్రాణం. ఇవి నాకిచ్చేయండి, నావి మీరు తీసుకోండి. చేతికి చేయి. రెండోది ఎక్కడుంది?"

"గద్వాలల ఉన్నది."

"రిపేరుకిచ్చారా?"

"లేదు. పంపకాలల్ల పోయింది."

డాక్టరు పెద్దగా నవ్వాడు. నేనూ నా భార్యా నవ్వకపోవడం చూసి ఆపేశాడు.

"జతగా ఉంటేనే తీసుకుంటాను సార్. ఒక్కదాన్ని నేనేం చేసుకోను? రెండూ ఒకచోట పెట్టి, పని చేస్తున్నాయో లేదో చూసి చెప్పండి. నెలాఖరుకి సామాను ఎక్కించేస్తున్నాను."

అతను వెళ్ళాక నా భార్య ఫోను తెచ్చి నా ముందు పెట్టింది.

"మరిదికి ఒక్క మాట చెప్పుండ్రి. ఇయ్యనంటడా?"

"ఇయ్యమని నేనెట్ల అడుగుత?"

"నోటితోని."

ఆమెది మక్తల్ దగ్గర రైతుల కుటుంబం. వాళ్ళు కావలసినవి అడుగుతారు, ఇష్టం లేకపోతే లేదంటారు. అందుకే వాళ్ళ భూమి వాళ్ళ దగ్గరే ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో మా పద్ధతి ఆమెకు ఎక్కలేదు.

"మెచ్చుకుంట" అన్నాను. "గద్వాలకు పోయి ఎదురుంగ కూసొని మెచ్చుకుంట. వాడు నాయిన కొడుకే గద, తెలుస్తది."

డాక్టరు రెండూ కలిపి చూడమన్నాడు కనుక నా స్పీకరును దుప్పటిలో చుట్టి, ఆంప్లిఫయరును సంచిలో పెట్టి, ఇద్దరం బస్సెక్కాం. స్పీకరు నా ఒళ్ళో, ఆంప్లిఫయరు ఆమె ఒళ్ళో. పెబ్బేరు దాటాక కండక్టరు దుప్పటి మీద తట్టాడు.

"ఏముంది పెద్దాయనా ఇండ్ల?"

"స్పీకరు."

"ఒక్కటేనా? ఏం ఎలక్షన్ల ప్రచారమా?"

మా తాత వీధి మలుపు తిరిగితే జనం లేచేవారు. ఆయన మనవణ్ణి, ఎర్రవల్లి చౌరస్తా దాకా ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను.

తమ్ముడు మమ్మల్ని చూసి సంబరపడ్డాడు. వాడి భార్య, మా మరదలు, రాయచూరు వైపు పిల్ల, మాటల మధ్య కన్నడం దొర్లుతుంది. కాళ్ళకు నీళ్ళిచ్చి, చాపేసి, కుర్చీలేసి, నాకూ వాడికీ చాయ్ తెచ్చింది. వాడి స్పీకరు హాలులో టీవీ పక్కన ఉంది, పైన అల్లిన గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూల కుండీ. నాన్న చూస్తే ఏమనేవాడో. అయినా నేను వచ్చిన పని అది కాదు. చాయ్ సగం తాగి, కప్పు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాను.

"తమ్మి, నీ స్పీకరు మంచిగ పెట్టుకున్నవురా. కొయ్య మెరుపు జర కూడ తగ్గలే. చూడముచ్చటగున్నది."

తమ్ముడు నా మొహంలోకి చూశాడు. ఆ చూపులో ఇద్దరం ఒకే ఇంట్లో పెరిగినట్టు కనపడింది.

"గంత నచ్చితే తీస్కపో అన్నా."

ఎంత చక్కగా అన్నాడు! నాకు కడుపు నిండింది. ఇక నా వంతు.

"వద్దు వద్దు. నీ ఇంటనే ఉండనీ."

"సరే అన్నా" అన్నాడు తమ్ముడు, చాయ్ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళాడు.

నేను అలాగే కూర్చున్నాను. నా భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి బయటకు చూడసాగింది. వాడు మరచిపోయి అన్నాడా, తెలిసే అన్నాడా? దుకాణం నడిపేవాళ్ళు బేరంలో ఒకసారే అడుగుతారని విన్నాను. వాళ్ళకు బలవంతం చేయడం తెలియదు. ఎట్లాగైతేనేం, దారి మూసుకుపోయింది. ఒకే పూటలో ఒకే వస్తువును రెండుసార్లు మెచ్చుకుంటే అది అడుక్కోవడమే.

తమ్ముడు తిరిగి వచ్చి, "ఎట్లాగూ నీది తెచ్చినవు గద, రెండు కలిపి పెడుదమా అన్నా?" అన్నాడు. అల్లిన గుడ్డ, పూల కుండీ తీసేశాం. వాడు కొనుక్కున్న చిన్న ఆంప్లిఫయరు ఒకటి ఉంటే దానికే వైర్లు తగిలించాం, మా సంచి విప్పే పని పడలేదు. వాడి టర్న్‌టేబుల్ ఇంకా తిరుగుతున్నది. నాన్న రికార్డులు వాడి దగ్గరే ఉన్నాయి. రెండు స్పీకర్లనూ ఒక బల్ల మీద ఆ చివరా ఈ చివరా పెట్టాం. మరదలు వాటికి ఎదురుగా, సరిగ్గా నడుమ ఒక కుర్చీ వేసింది. అలా కూర్చునే వినాలని డాక్టరు కూడా చెప్పాడు. ఆ నడుమ ఒక్కరికే చోటు.

"కూసో అన్నా" అన్నాడు తమ్ముడు.

"నీ ఇల్లు. నువ్వు కూసో."

"పెద్దోనివి. నువ్వుండంగ నేనెట్ల కూసుంట?"

"ఇంటాయన నిలబడితే నేనెట్ల కూసుంట?"

ఆ కుర్చీ నాన్నది కాదు, దుకాణం నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీ. అయినా ఇద్దరం దాని దగ్గరకు పోలేకపోయాం. ఇద్దరం లోలోపల ఇంకా వసారాలోనే ఉన్నామేమో. చివరికి మరదలు, "సాకు, సాకు! ఇంక చాలుండ్రి" అని ఆ కుర్చీ తీసేసి, నాకు ఎడమ గోడకు ఒకటి, వాడికి కుడి గోడకు ఒకటి వేసింది. ఖాళీ అయిన జాగాలో చాప పరిచి, వలవాల్సిన పల్లికాయల చేట ముందుకు లాక్కుని, తనూ నా భార్యా కూర్చున్నారు.

తమ్ముడు ముల్లు దించాడు. కాసేపు చిటపట. తరువాత పాట ఎత్తుకుంది. నా పక్కన ఫిడేలు, నా ఇంట్లో ఉన్నట్టే. తమ్ముడు వాడి గోడ దగ్గర తొడ మీద తాళం వేస్తున్నాడు. వాడికి వాడి మృదంగమే వినిపిస్తున్నదని ఆ తాళం చూస్తేనే తెలుస్తుంది.

"ఫిడేలు జర చిన్నగున్నది గద అన్నా?" అన్నాడు.

"ఫిడేలా? చెవులు పగుల్తున్నయి. మద్దెలే వినొస్తలే."

"మద్దెల వినొస్తలేదా? ఏం మాట్లాడుతున్నవ్!"

నడుమ చాప మీద పల్లికాయ వలవడం ఆగింది. నా భార్య తల ఎత్తి ఎదురుగా ఉన్న ఖాళీ గోడ వైపు చూస్తున్నది.

"ఆయన ఆడనే నిలవడి పాడుతున్నట్టున్నది గదనే?" అంది.

"హౌదు అక్కా" అంది మరదలు. "ఆ పక్క నుంచి ఫిడేలాయన అడుగుతున్నడు, ఈ పక్క నుంచి మద్దెలాయన జవాబిస్తున్నడు. నేనిన్నేండ్లు ఇది వట్టి దంచుడు పాట అనుకుంటిని."

సంస్థానం తాళాలు మొలకు కట్టుకున్నవాళ్ళ వంశంలో పుట్టిన ఇద్దరం గోడలకు ఆనుకుని చెరి సగం వింటున్నాం. పల్లికాయలు వలిచేవాళ్ళు పూర్తిగా విన్నారు. నాకు ఆ క్షణంలో డాక్టరు, నెలాఖరు, నాగర్‌కర్నూల్ అన్నీ గుర్తొచ్చాయి. ఇక తప్పదనుకున్నాను. "నీది నాకియ్యిరా" అనేస్తే పోయేదేముంది? రికార్డు మొదటి వైపు అయ్యేలోపు అనాలని, నోట్లో ఆ మాటను ఒకటికి రెండుసార్లు తిప్పుకున్నాను. "ఇయ్యి." చిన్న మాటే. నోరు తెరిచాను.

అప్పుడే తమ్ముడు లేచి వచ్చి, నా స్పీకరు మీద చెయ్యి వేసి నిమిరాడు.

"అన్నా, నీది ఎంత మంచిగున్నదే. ఇది పక్కన పడేసరికి నాదానికి పానం వచ్చినట్టయింది."

వాడు మెచ్చుకున్నాడు. మెచ్చుకున్న వస్తువు గలవాడు ఏమనాలో నా నాలుకకు తెలుసు, నన్ను అడగదు.

"నచ్చితే ఉంచుకో తమ్మి" అన్నాను.

ఇప్పుడు వాడు వద్దనాలి. నేను బలవంతం చేయబోయి, అంతగా బలవంతం చేయకుండా ఉండిపోవాలి. నేను వాడి "వద్దు" కోసం చూశాను.

"సరే అన్నా" అన్నాడు తమ్ముడు.

నా భార్య చేతిలోని పల్లికాయ చిట్లిన చప్పుడు రెండు స్పీకర్లనూ దాటి వినిపించింది.

తిరుగు బస్సులో నా ఒళ్ళో ఏమీ లేదు. దుప్పటి మడత పెట్టుకుని కూర్చున్నాను. ఆంప్లిఫయరు సంచి ఆమె ఒళ్ళోనే ఉంది. కృష్ణ బ్రిడ్జి దగ్గర ఆమె నా వైపు తిరిగింది.

"తెచ్చుకుందమని పోయినం గదా?" అంది.

"ఊఁ."

"ఉన్నది ఇచ్చొచ్చినం."

"ఊఁ."

"ఇంక నయం, ఈ సంచి వాని కండ్ల పడలే."

ఆమె ముందు నవ్వింది. వంతెన దాటేలోపు నేనూ నవ్వాను. బస్సులో ఇద్దరు ముసలివాళ్ళు అంత నవ్వడం బాగుండదని దుప్పటిని మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

మరునాడు డాక్టరు ఫోను చేశాడు.

"సార్, జత కలిసిందా?"

"కలిసింది."

"రెండూ పనిచేస్తున్నాయా?"

"మస్తు పనిచేస్తున్నయి."

"ఎప్పుడు తెస్తున్నారు?"

"గద్వాలల కలిసినయి. ఇంక ఆడనే ఉంటయి."

 డాక్టరు ఈసారి నవ్వలేదు. తన స్పీకర్లను వేరేవాళ్ళు కూడా అడుగుతున్నారని, నాకు కావాలంటే నెలాఖరు దాకా ఉంచుతానని, అయితే ఇప్పుడు డబ్బిచ్చే కొనుక్కోవాలని మర్యాదగా చెప్పాడు. ఆలోచిస్తానన్నాను. పింఛను మీద బతికే ఇంట్లో అందులో ఆలోచించడానికి ఏమీ లేదు. హాలులో గోడకు నడుమ, స్పీకరు ఉన్నచోట చదరంగా సున్నం తెల్లగా ఉండిపోయింది. నా భార్య అక్కడ క్యాలెండరు తగిలించింది. కచేరీలు ఫోనులోనే, చెవి దగ్గర పెట్టుకుని వినేవాణ్ణి. చీమ పాడుతున్నట్టు ఉండేది.

ఆ నెలలోనే ఒక ఉదయం తమ్ముడు వచ్చాడు. ముందు చెప్పలేదు. చేతిలో తువ్వాలు మూట. కూర్చోగానే స్పీకర్ల గురించే ఎత్తుకున్నాడు.

"అన్నా, రోజు పొద్దున దుకాణం తీసే ముందుగాల నడిమిట్ల కుర్చీ ఏసుకొని కూసుంటున్న. తలుపు మూస్తలేను. నాయిన ఎందుకు మూసుకుంటుండెనో తెల్వదుగని, తెరిచి పెట్టినా గట్లనే వినొస్తది."

"ఫిడేలు చిన్నగున్నదా?"

"లేదు లేదు. నువ్వు చెప్పిందే నిజం."

ఇంత పెద్ద మాట వాడు నాతో ఎప్పుడూ అనలేదు. తరువాత మూట విప్పి నా ముందు పెట్టాడు. అది మా తాతగారి వెండి పాన్‌దాను మూత. నెమలి పిడి ఉన్నది. పంపకాలప్పుడు మామ డబ్బాను నాకూ మూతను వాడికీ ఇచ్చాడు. నా డబ్బాలో నా భార్య గుండీలు, సూదులు పెట్టుకుంటుంది. మూత లేక పైన ఒక స్టీలు పళ్ళెం కప్పింది.

"ఇది నీ తాననే ఉండనీ అన్నా."

నేను దాన్ని మెచ్చుకోలేదు. దాని ఊసే ఎత్తలేదు. మెచ్చుకోకుండా ఇచ్చిన వస్తువును ఎట్లా తీసుకోవాలో మా పద్ధతిలో లేదు. అందుకని తెలిసిన మాటే అన్నాను.

"వద్దు వద్దు. నీ ఇంటనే ఉండనీ."

"ఉండనీ అంటున్న గద!" అన్నాడు వాడు, చాలా గట్టిగా. వంటింట్లోంచి నా భార్య తొంగిచూసింది. "పెట్టుకో. లేకుంటే అమ్ముకో. నాకు డబ్బా లేంది మూతెందుకు? వదినె అంతా చెప్పింది ఫోన్ల, ఆ డాక్టరు సంగతి. నాకు ముందే చెప్తే ఏం పోయింది?"

"నువ్వు 'సరే అన్నా' అన్నవు."

"వద్దన్నవు, సరే అన్న. ఇస్త అన్నవు, సరే అన్న. నువ్వు పెద్దోనివి, నీ మాటకు ఎదురు చెప్తనా?"

 వాడు వెళ్ళేటప్పుడు బస్టాండు దాకా నడిచి వెళ్ళాను.

ఇప్పుడు మా హాలులో క్యాలెండరుకు ఆ పక్క ఒకటి, ఈ పక్క ఒకటి, డాక్టరు దగ్గర కొన్న నల్లటి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఉన్నాయి. కొయ్య కాదు, మెరుపు లేదు. మృదంగం మాత్రం పక్కింట్లోంచి రాదు. నడుమ కుర్చీలో నేను కూర్చుంటాను. నా భార్య వస్తే జరిగి చోటిస్తాను, అడగకముందే.

పాన్‌దానును డబ్బా, మూత కలిపి నాగర్‌కర్నూల్‌లో అమ్మేశాం.